మా అమ్మాయి హోమ్లీ అండీ!

పోయిన ఆదివారం పొద్దున్న పెనం మీద అట్టు వేసి మూత పెట్టానో లేదో ఫోను మోగింది. మా వదిన. పలకరింపూ లేదు, కుశలప్రశ్నా లేదు. "చూడమ్మా, మన పిల్ల మొహానికి ఏం వంక వచ్చిందని?" అంది ఏడుపు గొంతుతో. అట్టు మాడిపోయింది. స్టవ్ కట్టేసి స్టూలు లాక్కుని కూర్చున్నాను.

సంగతేమిటంటే, మా అన్నయ్య కూతురికి సంబంధాలు చూస్తున్నారు. పిల్ల హైదరాబాదులో ఉద్యోగం చేస్తోంది. న్యూజెర్సీ సంబంధం ఒకటి వచ్చింది. అబ్బాయి అక్కడే పుట్టి పెరిగాడు, తల్లిదండ్రులు మన గుంటూరు వైపు వాళ్లే. అన్నయ్య బయోడేటా తయారుచేసి వాట్సాప్‌లో పంపించాడు. రెండు రోజులు పోయాక అబ్బాయి తల్లి ఫోన్ చేసి, "ఏమీ అనుకోకండి వదినగారూ, ఫోటోలో అమ్మాయి చక్కగానే ఉంది. మరి మీరే అలా రాశారేమిటని మావాడు అడుగుతున్నాడు" అందిట.

"ఎలా రాశామండీ?"

"హోమ్లీ అని ఉంది కదా. మనవైపు వాడేది నాకు తెలుసనుకోండి. కానీ ఇక్కడి పిల్లలకి ఆ మాటంటే... రూపం అంతంతమాత్రం అని అర్థమండీ."

అదీ మా వదిన ఏడుపు. పాపం, ఆవిడ పెళ్లి ప్రకటనలోనూ అదే మాట, నా దాంట్లోనూ అదే మాట. ఇది చదువుతున్న మీలోనూ చాలామంది ఆ మాట పట్టుకునే అత్తారింటికి వచ్చి ఉంటారు. ఇన్నాళ్లూ మెచ్చుకోలు అనుకున్నది తిట్టా అని ఆవిడ బాధ. "ఉండు వదినా, చూసి చెబుతాను" అని, మావారు పెళ్లైన కొత్తలో కొనిచ్చిన లావుపాటి ఇంగ్లీషు నిఘంటువు దించాను. ఈ శీర్షికకి ఈ వారం మాట వెతుక్కునే పని తప్పింది కదా అని మనసులో చిన్న సంతోషం కూడా కలిగింది, దాచడం ఎందుకు!

హోమ్ అంటే ఇల్లు, మనందరికీ తెలిసిందే. వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీషులో దాన్ని హామ్ అనేవారు. బర్మింగ్‌హామ్, నాటింగ్‌హామ్ అని క్రికెట్ ఆడే ఊళ్ల పేర్లు మన పిల్లల నోట వింటుంటామే, ఆ చివరి హామ్ ఇదే. ఇక ‘లీ’ అన్న తోక ఉంది చూశారూ, దానికి మూలమైన పాత మాటకి ఒళ్లు, ఆకారం అని అర్థం. ‘లాంటిది’ అని చెప్పే లైక్ కూడా దాని చుట్టమే. అంటే హోమ్లీ అంటే ఇంటిలాంటిది, ఇంటి పోలిక ఉన్నది. పుట్టినప్పుడు అందులో వంకా లేదు, వెటకారమూ లేదు.

వంక లేకపోవడమే కాదు, ఈ మాట ఒకప్పుడు ఎంత ఎత్తున కూర్చుందో చెబితే ఆశ్చర్యపోతారు. 1373 మే నెలలో ఇంగ్లండులోని నారిచ్ అనే ఊళ్లో ముప్ఫై ఏళ్ల ఆవిడ ఒకరు జబ్బుపడి చావు అంచుల దాకా వెళ్లింది. ఆ మంచం మీద ఆవిడకి కొన్ని దర్శనాలు కలిగాయి. బతికి బట్టకట్టింది. తర్వాత అక్కడి చర్చిని ఆనుకుని ఉన్న చిన్న గదిలో ఒంటరిగా ఉంటూ, ఆ దర్శనాల గురించి పుస్తకం రాసింది. జూలియన్ ఆఫ్ నారిచ్ అంటారు ఆవిడని. ఇంగ్లీషులో ఒక స్త్రీ రాసిన పుస్తకాల్లో మనకి మిగిలినవాటిలో మొట్టమొదటిది ఆవిడదే. ఆ పుస్తకంలో దేవుడి ప్రేమ ఎలాంటిదో చెప్పడానికి ఆవిడ వాడిన మాట ఏమిటనుకున్నారు? హోమ్లీ! ఎక్కడో సింహాసనం మీద కూర్చుని చూసే ప్రేమ కాదుట, ఇంట్లో మనిషికి ఉండే ప్రేమట. ఒంటికి చుట్టుకున్న బట్టలాగా దగ్గరగా ఉండేదిట. ఆ పక్కనే, అరచేతిలో గింజంత వస్తువు చూపించి సృష్టి అంతా ఇదే అని దేవుడు చెప్పాడని కూడా రాసింది. నాకైతే ఆవిడ కబుర్లు మన పెద్దత్తయ్యలు వరండాలో కూర్చుని చెప్పినట్టే అనిపించాయి.

అక్కణ్ణుంచి మాట ఎలా జారింది? మనం చీరలతో చెప్పుకుంటే తేలిగ్గా తెలుస్తుంది. ఇంట్లో కట్టుకునే చీర అంటాం. ముందు అది ఇంటి చీర, అంతే. ఇంటిది కాబట్టి సాదాగా ఉంటుంది. సాదాగా ఉంటుంది కాబట్టి నలుగురిలోకి పనికిరాదు. పనికిరానిది కాబట్టి... ఇక చెప్పేదేముంది, ఒక్కో మెట్టూ దిగి చివరికి బాగోనిది దగ్గర ఆగింది. షేక్స్‌పియర్ కాలానికే ఈ మాట మొహాల మీదకి వచ్చేసింది. 1634లో లడ్లో కోటలో మిల్టన్ రాసిన ‘కోమస్’ అనే నాటకం ఆడారు. అందులో ఒక మాయావి అడవిలో దారి తప్పిన అమ్మాయిని బుట్టలో వేసుకోవాలని చూస్తాడు. ఇంటిపట్టున ఉండటం అందం లేనివాళ్ల పని, నీకెందుకు అన్నట్టు మాట్లాడతాడు. హోమ్‌నీ హోమ్లీనీ పక్కపక్కన పెట్టి చమత్కారం చేస్తాడు. అమ్మాయి మాత్రం వాడి బుట్టలో పడదు. గట్టిపిల్ల!

ఆ రోజుల్లోనే ఇంగ్లీషువాళ్లు ఓడలెక్కి అమెరికా వెళుతున్నారు. సామానుతో పాటు ఈ మాటా వెళ్లింది. అక్కడ చివరి మెట్టు అర్థమే నిలబడిపోయింది. అబ్రహాం లింకన్‌ని చూసినవాళ్లు ఆయన రూపాన్ని వర్ణిస్తూ ఈ మాటే వాడారు. అంటే ఆయన ఇంటిపనిలో నేర్పరి అని కాదు లెండి. ఇల్లు హాయిగా ఉందని చెప్పాలంటే అమెరికావాళ్లు హోమీ అని వేరే మాట చేసుకున్నారు. ఇంగ్లండులో మాత్రం పాత వెచ్చదనం కొంత మిగిలింది. అక్కడ ఆడంబరం లేని, సుఖంగా ఉండే ఇంటిని ఇప్పటికీ హోమ్లీ అంటారు. టోల్కీన్ 1937లో రాసిన ‘హాబిట్’ కథలో ప్రయాణికులు అలసిపోయి చేరే ఇంటి పేరులోనే ఈ మాట ఉంది.

మనవాళ్లేమో ఇంగ్లీషువాడి దగ్గర మాట పుచ్చుకుని మన పోపు మనం పెట్టుకున్నాం. అమీర్‌పేటలో మెస్సుల ముందు హోమ్లీ ఫుడ్ అని బోర్డులు చూస్తాం. ఇంటి భోజనం అని వాళ్ల ఉద్దేశం. న్యూజెర్సీ అబ్బాయి చూస్తే, కురూపి భోజనం ఏమిట్రా బాబూ అనుకుంటాడు కాబోలు! ఇక పెళ్లి ప్రకటనల్లో హోమ్లీ అంటే ఏమిటో మీకు నేను చెప్పాలా? వంట వచ్చును, ఒద్దికైన పిల్ల, ఎదురు చెప్పదు, గడప దాటదు. ఇన్ని అర్థాలు ఒక్క మాటలో. ప్రకటనకి మాటకింత అని డబ్బులు కట్టే రోజుల్లో ఆడపిల్లల తండ్రులకి ఇంతకన్నా లాభసాటి మాట ఇంకేం దొరుకుతుంది!

మాటల తలరాతలు ఇలా మారడం కొత్తేమీ కాదు. ఇంగ్లీషులో సిల్లీ అంటే ఒకప్పుడు ధన్యజీవి అని అర్థం, ఇప్పుడు తెలివితక్కువ. నైస్ అంటే ఒకప్పుడు తెలివితక్కువ, ఇప్పుడు బాగుంది అని. రెండూ ఎదురెదురుగా నడిచి ఒకరి గుమ్మంలోకి ఒకరు వెళ్లినట్టున్నాయి. మనకీ ఉన్నాయి. దేవుడికి చేసే సేవ కైంకర్యం, ఇప్పుడేమో ఊరి సొమ్ము కైంకర్యం చేశాడంటాం. వేదం చదువుకున్నవాడు ఛాందసుడు, ఇప్పుడు ఆ మాటంటే పోట్లాటకి వస్తారు. నువ్వుల నెయ్యి కాబట్టి నూనె అన్నారు, ఇప్పుడు వేరుశనగ నూనె, కొబ్బరి నూనె అంటున్నాం. రాగిది కాబట్టి చెంబు, మన బాత్‌రూముల్లో ప్లాస్టిక్ చెంబులు. ఇవన్నీ సరదాగానే ఉంటాయి.

కానీ నిఘంటువులో ఇంటి మాటలన్నీ వరసగా చూసుకుంటూ పోతే ఒక చోట నా సరదా కాస్త తగ్గింది. హజ్బెండ్ అన్న మాటలో ‘హజ్’ అంటే ఇల్లే. ఇల్లు కలిగినవాడు, ఇంటి యజమాని అని అర్థం. ఉత్తరాది ఓడవాళ్ల భాష నుంచి ఇంగ్లీషులోకి వచ్చింది. ఆ మాటకి ఇన్ని వందల ఏళ్లలో మచ్చ పడలేదు. హౌస్‌వైఫ్ సంగతి చూడండి. నోట్లో అరిగి అరిగి ఆ మాటే ‘హస్సీ’ అయింది. హస్సీ అంటే ముందు ఇల్లాలే. తర్వాత గయ్యాళి, ఆ తర్వాత నడత మంచిది కాని మనిషి. ఇల్లు అన్న మాట మగవాడి పక్కన చేరితే యజమాని అయ్యాడు, ఆడదాని పక్కన చేరితే తిట్టు అయింది. ఇంకో వింత, ఇంగ్లీషు సిపాయిలు సూదీ దారం గుండీలు పెట్టుకునే చిన్న సంచీని కూడా హౌస్‌వైఫ్ అనేవారు. చిరుగులు కుట్టేది కదా మరి!

మన దగ్గర మాత్రం? గృహస్థు అంటే అక్షరాలా ఇంట్లో ఉండేవాడు. అయినా ఏ గృహస్థునీ గడప దాటవద్దని ఎవరూ అనలేదు. పైగా అది గౌరవం. అదే మగవాడు నిజంగానే భార్య ఇంట్లో ఉంటే ఇల్లరికం అని ఊరంతా నవ్వుతుంది. జర్మన్ భాషలోనైతే ఇంటి మాట నుంచి పుట్టిన హైమ్లిష్ అనే మాటకి రహస్యం అనే అర్థం వచ్చింది. ఇంటి గుట్టు అంటాం చూడండి, అలాగన్నమాట. ఇది చదివినప్పుడు నా ఇంటి గుట్టు ఒకటి గుర్తొచ్చింది. ఇన్ని వారాలుగా మీతో మాట్లాడుతున్నాను కాబట్టి చెబుతున్నాను.

2000లో నాకు పెళ్లి ప్రకటన వేయించారు. ఇంటర్ పాస్, ఫెయిర్, హోమ్లీ. మా మామగారు ఆ కాగితం ముక్క కత్తిరించి, పెళ్లి శుభలేఖతో పాటు పంచాంగంలో దాచుకున్నారు. పెళ్లైన రెండో ఏడు, పాప ఇంకా పుట్టలేదు, మధ్యాహ్నాలు ఖాళీ. ఓపెన్ యూనివర్సిటీలో బి.ఏ. కడదామని దరఖాస్తు తెప్పించుకున్నాను. మావారు సరేనన్నారు. మామగారిని అడగాలి కదా, అడిగాను. ఆయన కోప్పడలేదు. పంచాంగం తీసి, ఆ ముక్క చూపించి, "హోమ్లీ అని మీ నాన్నగారే వేయించారు గదమ్మా, ఇప్పుడు చదువులంటే ఎలా?" అన్నారు, మెల్లగా. కోప్పడి ఉంటే ఏదో ఒకటి అనేదాన్నేమో. దరఖాస్తు మడిచి బియ్యం డబ్బా కింద పెట్టాను.

మా అత్తగారి సంగతి వేరు. ఆవిడ చదివింది అయిదో తరగతి. నేను కాపురానికి వచ్చిన దగ్గర్నుంచీ ప్రతి పండక్కీ, "నువ్వు చెయ్యగలవులేమ్మా" అని వ్రతాలూ నోములూ నా నెత్తిన పెట్టేవారు. ఎందుకో అర్థమయ్యేది కాదు. కొన్నేళ్ల తర్వాత ఓ రోజు తీరిగ్గా కూర్చున్నప్పుడు బయటపడింది. హోమ్లీ అంటే హోమాలూ అవీ నిష్ఠగా చేసే పిల్ల అనుకున్నారుట! ఇద్దరం కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వుకున్నాం. నవ్వు ఆగాక ఆవిడ, "అయితే మరి దాని అర్థం ఏమిటే?" అని అడిగారు. చెప్పాను. కాసేపు ఊరుకుని, "ఆ మాట చూపించేనా నీ చదువు ఆపింది ఆయన?" అన్నారు. అప్పటికి మామగారు లేరు.

ఇన్నాళ్లూ ఆ మాట వేయించిన మా నాన్నగారి మీద నాకు లోపల ఎక్కడో ముల్లు ఉంది. ఆయన ఉన్నప్పుడు అడగలేదు, పోయాక అడగడానికి ఎవరున్నారు?

ఆదివారం సాయంత్రం అన్నయ్యే వచ్చాడు. విజయవాడ నుంచి తెనాలి ఎంతసేపు! పీటేసి అట్లు పెట్టాను. పొద్దున్నంతా చదివింది చెప్పాను. "వాళ్లు తప్పుగా అనుకోలేదు అన్నయ్యా, వాళ్ల భాషలో అది అంతే. నువ్వు ఆ మాట తీసేసి పంపించు" అన్నాను. తలూపాడు. నాకే నోరు ఊరుకోక, "అయినా ఈ మాట మన ఇంటికి పట్టిన శని. నాన్న నాకూ ఇదే వేయించారు" అన్నాను.

అట్టు తుంచుతున్న చెయ్యి ఆగిపోయింది.

"నాన్న వేయించలేదే" అన్నాడు.

"మరి?"

"పేపరు ఏజెంటు దగ్గరికి నాన్నతో నేనే వెళ్లాను. నాన్న తెలుగులో రాసుకొచ్చారు కాగితం మీద. ఇంటర్ చదివింది, ఇంకా చదువుకోవాలని కోరిక ఉంది, చదివించేవారు కావలెను అని. నేనే... అలా రాస్తే సంబంధాలు రావు నాన్నా, మాటలు కూడా ఎక్కువవుతున్నాయి, అందరూ హోమ్లీ అనే వేయిస్తున్నారు అని కొట్టేయించాను. అప్పుడు నాకెంత, పాతికేళ్లు. తెలుసనుకున్నాను అన్నీ."

ఏమనాలో తోచలేదు. చట్నీ గిన్నె పట్టుకుని అలాగే నిలబడ్డాను. పాతికేళ్లు దాటింది. నాన్న చేతిరాత నాకు బాగా తెలుసు, ‘చ’ కింద ఒత్తు పెట్టి ‘ఛ’లా రాసేవారు. ఆ కాగితం మీద ‘చదివించేవారు’ అన్న మాట ఎలా ఉండి ఉంటుందో కళ్లకి కట్టింది. అన్నయ్య మీద ఆ పూట వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. పైకి మాత్రం, "చల్లారిపోతోంది, తిను" అన్నాను.

ఇంతలో మా మేనకోడలు ఫోన్ చేసింది. స్పీకర్ పెట్టాడు. "నాన్నా, ఆ మాట తీశావా? అమెరికా అర్థం సంగతి అటుంచు, మన అర్థం మాత్రం నాకు నప్పుతుందా? నేను ఉద్యోగం మాననని కూడా రాయి" అంది. పక్కన మా వదిన కేకలు వినిపిస్తున్నాయి, అదేం రాతే, ఎవరన్నా వింటే ఏమనుకుంటారు అని. "పెళ్లయ్యాక తెలియడం కన్నా ముందు తెలియడం నయం కదమ్మా" అని దీని జవాబు. నేను మధ్యలో దూరి, "మరి అబ్బాయి హోమ్లీయేనా, అది కూడా కనుక్కోండి" అన్నాను. ఊరికే అన్నాను గానీ, పిల్ల ఆ రాత్రే అడిగేసిందిట, నేరుగా అబ్బాయి తల్లినే. ఆవిడ మంచి మనిషిలా ఉంది. పెద్దగా నవ్వి, "మావాడు రెండు రకాలుగానూ కాదమ్మా! చూడ్డానికి బాగానే ఉంటాడు, ఇంట్లో మాత్రం కాఫీ కప్పు కడగడు. నువ్వే మాట్లాడి తేల్చుకో" అందిట. శనివారం రాత్రి ఇద్దరూ వీడియోలో మాట్లాడుకుంటారట.

అన్నయ్య కళ్లజోడు పెట్టుకుని, ఒక్క వేలితో, మా డైనింగ్ టేబుల్ దగ్గరే కూర్చుని ఆ మాట చెరిపేశాడు. దాని చోట ఏం రాయాలో చాలాసేపు తోచలేదు. చివరికి, ఉద్యోగం చేస్తోంది, చేస్తుంది అని రాశాడు.

వెళ్లేటప్పుడు గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ, "నీ బి.ఏ. కాగితం ఇంకా ఉందా?" అన్నాడు, నా మొహం చూడకుండా.

"ఆ బియ్యం డబ్బా ఎప్పుడో తీసేశాం అన్నయ్యా" అన్నాను.

"కొత్త దరఖాస్తులు ఎప్పుడిస్తారో నేను కనుక్కుంటాలే" అని మెట్లు దిగాడు. లైటు వేసి, వీధి మలుపు తిరిగేదాకా చూసి, లోపలికి వచ్చి మిగిలిన పిండి ఫ్రిజ్‌లో పెట్టాను.